కీ స్టార్ట్ జనరేటర్ బ్యాటరీ వారం కూడా నిలవడం లేదు: మూడోది కొనాలా?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మీకు మందుల షాపు ఉంది. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ ఆగకూడదని, కీ తిప్పితే స్టార్ట్ అయ్యే చిన్న పెట్రోలు జనరేటర్ పెట్టుకున్నారు. దానికి 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంది, అంటే ఒక ఆంపియరు కరెంటును సుమారు ఏడు గంటలు ఇచ్చేంత నిల్వ. మొదటి బ్యాటరీ పది నెలలు పనిచేసింది. రెండోది నాలుగు నెలలకే పేచీ మొదలుపెట్టింది. బయట ఛార్జింగు పెట్టించి తెస్తే రెండు రోజులు బాగానే ఉంటుంది. ఐదారు రోజులు గడిస్తే కీ తిప్పగానే ‘టక్’మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటుంది. చూసిన మెకానిక్ మూడో బ్యాటరీ వేయించమన్నాడు. మీరు ప్రతి ఆదివారం షట్టరు సగం దించి, రెండు నిమిషాలు జనరేటర్ నడిపి ఆపేస్తున్నారు. మూడోది కొనాలా, వద్దా అని అడుగుతున్నారు.

ఇప్పుడే కొనకండి. ఒకే మిషను మీద వరుసగా రెండు బ్యాటరీలు పోయాయంటే, మూడోదానికీ అదే గతి పట్టే అవకాశం ఎక్కువ. ముందు ఉన్న బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయించి, దాని నెగెటివ్ వైరు విప్పేసి, మూడు రాత్రులు అలా ఉంచండి. వైరు విప్పి ఉంచినా డౌన్ అయితే లోపం బ్యాటరీలో ఉంది. విప్పి ఉంచినప్పుడు నిలబడి, తగిలించినప్పుడు డౌన్ అయితే లోపం జనరేటర్‌లో ఉంది. ఈ ఒక్కటి తేలకుండా ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ గుడ్డిగా పెట్టినట్టే.

బ్యాటరీ సంగతికి వెళ్లే ముందు ఒక మాట. సగం దించిన షట్టరు వెనుక జనరేటర్ నడపడం ఈ రోజు నుంచే మానేయండి. పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మగత అనిపించేసరికే మనిషి లేచి బయటకు వెళ్లలేని స్థితికి రావచ్చు. రెండు నిమిషాలే కదా అనుకోవద్దు. కరెంటు పోయిన రాత్రి వర్షం పడుతుంటే మీ కుర్రాడు అదే అలవాటుతో రెండు గంటలు నడుపుతాడు. జనరేటర్ బయట, తలుపులకూ కిటికీలకూ దూరంగా ఉండాలి. పొగ గొట్టం గోడవైపు కాకుండా ఆరుబయటికి తిరిగి ఉండాలి.

ఇక అసలు విషయం. ‘ఛార్జి నిలవడం లేదు’ అని నా దగ్గరకు వచ్చే వాళ్లంతా ఒకే మాట అంటారు గానీ, దాని వెనుక నాలుగు వేర్వేరు జబ్బులు ఉంటాయి. డాబా మీద నీళ్ల ట్యాంకును తలచుకోండి. కుళాయిలో నీళ్లు రాలేదంటే మోటారు ఎక్కించకపోయి ఉండవచ్చు, ఎక్కడో లీకై కారిపోయి ఉండవచ్చు, ట్యాంకే పగిలి ఉండవచ్చు. ట్యాంకు నిండుగా ఉండి పైపులో చెత్త అడ్డుపడి కూడా ఉండవచ్చు. బ్యాటరీకీ అంతే: ఛార్జింగు రాకపోవడం, కరెంటు కారిపోవడం, బ్యాటరీయే పాడవడం, బ్యాటరీ నిండుగా ఉన్నా వైర్లలో కరెంటుకు అడ్డు పడటం. ఆ నాలుగో రకాన్ని చాలామంది మరిచిపోతారు. మన సముద్రపు గాలిలో నేను ఎక్కువగా చూసేది దాన్నే.

మూడు రాత్రుల పరీక్ష ఇలా చేయండి. నాలుగైదు వందల రూపాయలకు దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. బ్యాటరీ ఛార్జింగు నుంచి రాగానే కొలిస్తే 13 వోల్టులు దాటి చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. అది పైపై ఛార్జి. కనీసం పది పన్నెండు గంటలు కదపకుండా ఉంచి, తర్వాత కొలిచి తేదీతో సహా రాసుకోండి. 12.6 నుంచి 12.8 మధ్య ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12 అంటే పావు వంతు మిగిలినట్టు. 11.8కి దిగితే ఖాళీ. సున్నా నుంచి 12 వరకు కొలబద్ద అనుకుని ‘12 ఉంది కదా, బాగానే ఉంది’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. 12 ఉన్న బ్యాటరీ దాదాపు ఖాళీ బ్యాటరీయే.

మూడు రాత్రుల తర్వాత మళ్లీ కొలవండి. మంచి బ్యాటరీ అయితే మొదటి అంకెకూ దీనికీ పాయింట్ సున్నా ఐదుకు మించి తేడా రాదు. 12.7 కాస్తా 12.3కి దిగితే ఆ బ్యాటరీ లోపల పాడైంది, దాన్ని కాపాడలేం. వైరు విప్పేటప్పుడు ముందు నెగెటివ్, తగిలించేటప్పుడు చివర నెగెటివ్. ముందు పాజిటివ్ విప్పబోతే స్పానర్ ఇంజనుకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పైన హైడ్రోజన్ వాయువు ఉంటుంది. ఒక్క రవ్వ చాలు. బ్యాటరీ పగిలి ఆమ్లం మొహం మీద పడిన మనిషిని నేను కళ్లారా చూశాను.

ఈ మూడు రోజుల్లో కరెంటు పోతే ఏమి చేయాలని మీరు అడగవచ్చు. మీ జనరేటర్‌కు తాడు లాగి స్టార్ట్ చేసే ఏర్పాటు ఉండే ఉంటుంది. చిన్న ఇంజన్లలో స్పార్కు ఫ్లైవీలు అయస్కాంతం నుంచి వస్తుంది, బ్యాటరీతో పని లేదు. కానీ కొన్ని మోడళ్లలో కార్బురేటరు కింద పెట్రోలును ఆపే సోలనాయిడ్, అంటే కరెంటు అందితేనే తెరుచుకునే చిన్న వాల్వు ఉంటుంది. దానికి బ్యాటరీ కరెంటు అందకపోతే తాడు ఎంత లాగినా ఇంజను అందుకోకపోవచ్చు. అందుకే పగటి పూట ఒకసారి బ్యాటరీ విప్పి, తాడు లాగి చూడండి. మీ షాపులో పనిచేసే ప్రతి ఒక్కరి చేతా లాగించండి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలన్నది మీకు నేను చెప్పనవసరం లేదు. ఆ ఫ్రిజ్ మీద ఆధారపడిన వాళ్లు మీ కౌంటరు అవతల ఉన్నారు.

ఇప్పుడు మీ ఆదివారం అలవాటు. నడుపుతున్నందుకు సంతోషమే, చాలామంది అసలు నడపరు. కానీ రెండు నిమిషాలు నడిపితే బ్యాటరీకి మేలు కన్నా కీడే ఎక్కువ. లెక్క వేసి చూడండి. ఇంత చిన్న ఇంజను సెల్ఫ్ మోటారు (కీ తిప్పగానే ఇంజనును తిప్పే మోటారు) తిరిగేటప్పుడు 80 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. వారం రోజులు ఊరికే ఉన్న ఇంజను ఒక్కసారికి అందుకోదు. చోక్ వేసి, మూడుసార్లు కీ తిప్పి, మొత్తం పదిహేను సెకన్లు తిప్పారనుకుంటే 1,200 ఆంపియర్ సెకన్లు ఖర్చయ్యాయి. ఈ తరహా జనరేటర్లలో బ్యాటరీకి తిరిగి వెళ్లే ఛార్జింగు చాలా తక్కువ. ఒక ఆంపియరు అనుకుంటే, ఖర్చయినది తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు కావాలి. నష్టాలు కలుపుకుంటే పాతిక. మీరు రెండు నిమిషాలకే ఆపేస్తున్నారు. ఒక ఆంపియర్ అవర్ అంటే 3,600 ఆంపియర్ సెకన్లు. అంటే ప్రతి ఆదివారం పావు ఆంపియర్ అవర్‌కు పైగా అప్పు మిగులుతోంది. పన్నెండు వారాలకు 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం అలాగే హరించుకుపోతుంది. సగం ఖాళీగా నెలల తరబడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడుతుంది. ఛార్జి చేస్తే మెత్తటి సల్ఫేటు కరుగుతుంది, గట్టిపడిన స్ఫటికాలు కరగవు. మీ మొదటి బ్యాటరీ ఇలాగే పోయి ఉంటుందని నా నమ్మకం. నడిపితే అరగంట నడపండి, ఫ్రిజ్ లోడు వేసి నడపండి. అంత తీరిక లేకపోతే ఆ వారం మానేయండి.

కానీ గమనించండి, ఈ అప్పు ఐదారు రోజుల్లో బ్యాటరీని చంపదు. రెండో బ్యాటరీ అంత త్వరగా డౌన్ అవుతోందంటే, అదీ గట్టిపడిపోయి ఉండాలి, లేదా ఎక్కడో కరెంటు కారుతూ ఉండాలి. ఎంత కారితే ఐదు రోజుల్లో స్టార్ట్ కాకుండా పోతుంది? 7లో సగం, అంటే మూడున్నర ఆంపియర్ అవర్, 120 గంటల్లో పోవాలంటే ఆగకుండా సుమారు 30 మిల్లీ ఆంపియర్లు కారితే చాలు. అంటే ఒకటి రెండు చిన్న ఎల్ఈడీ దీపాలు తాగేంత. కంటికి కనిపించదు, చేతికి తెలియదు, వాసన రాదు. మీటరుతోనే పట్టుకోవాలి.

ఎలా పట్టుకోవాలంటే, కీ ఆఫ్‌లో పెట్టి నెగెటివ్ వైరు విప్పండి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, ముల్లును డీసీ ఆంపియర్ల మీద ఉంచి, ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కూ రెండోదాన్ని విప్పిన వైరు లగ్గుకూ (వైరు చివర ఉండే లోహపు రింగుకూ) ఆనించండి. ఇప్పుడు కారే కరెంటంతా మీటరు గుండా వెళ్లాలి. 0.1 కంటే తక్కువ చూపిస్తేనే ఎర్ర వైరును మిల్లీ ఆంపియర్ల రంధ్రానికి మార్చి ఖచ్చితంగా చూడండి. గడియారం, అలారం లాంటివి లేని మామూలు జనరేటర్‌లో కీ ఆఫ్ చేస్తే ఇది సున్నా ఉండాలి, లేదా సున్నాకు దగ్గరగా ఉండాలి. పది మిల్లీ ఆంపియర్లు దాటితే వెతకాల్సిందే. మీటరు అలా కలిపి ఉండగా పొరపాటున కూడా కీ తిప్పవద్దు, మీటరు పాడవుతుంది. పని అయ్యాక ఎర్ర వైరును తప్పకుండా వోల్టుల రంధ్రానికి తిరిగి పెట్టండి. మరిచిపోయి మళ్లీ బ్యాటరీ వోల్టులు కొలవబోతే షార్ట్ అవుతుంది. పని నేర్చుకునే కుర్రాళ్లకు నేను మొదటి రోజు చెప్పే మాట ఇది.

కారుతోందని తేలితే ఒక్కొక్క కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడింపు) విప్పుతూ మీటరు చూడండి. ఏది విప్పితే అంకె సున్నాకు పడిపోతుందో అదే దొంగ. చిన్న జనరేటర్లలో ముందుగా అనుమానించవలసింది రెక్టిఫైయర్‌ను. ఛార్జింగు కాయిల్ నుంచి వచ్చే ఏసీని డీసీగా మార్చి బ్యాటరీకి పంపేది అది. దాంట్లో కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడు బలహీనపడితే, ఇంజను ఆగాక కరెంటు వెనక్కి కాయిల్‌లోకి కారుతుంది. పోయిన వేసవిలో పెందుర్తి నుంచి ఒక వెల్డింగు షాపతను ఇలాంటిదే తెచ్చాడు. రాత్రంతా ఆపి ఉన్న మిషను. ఉదయం అన్ని లోహ భాగాలూ చల్లగా ఉన్నాయి, రెక్టిఫైయర్ అల్యూమినియం రెక్కలు మాత్రం చేతికి గోరువెచ్చగా తగిలాయి. మీటరు 180 మిల్లీ ఆంపియర్లు చూపించింది. కప్లర్ విప్పగానే సున్నా. అంతకుముందు అతను కొన్న బ్యాటరీల ఖరీదు ఆ రెక్టిఫైయర్ ఖరీదుకు ఎన్నో రెట్లు.

రెండో అనుమానం మనుషుల మీద పెట్టాలి. మీరు ఎలా ఆపుతున్నారు? కీ తిప్పి ఆపుతున్నారా, పెట్రోలు కాక్ (ట్యాంకు కింద పెట్రోలు కుళాయి) మూసి ఆపుతున్నారా? కార్బురేటరులో పెట్రోలు మిగలకూడదని కాక్ మూసి, ఇంజను దానంతట అది ఆగేదాకా ఉంచడం మంచి పద్ధతే. కానీ ఇంజను ఆగిపోయాక కీ ఆన్‌లోనే ఉండిపోతుంది. శబ్దం లేదు కదా, అందరూ ఆగిపోయిందనుకుంటారు. ఆ సోలనాయిడ్ మాత్రం రాత్రంతా బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. అర ఆంపియరు తాగినా పన్నెండు గంటలకు 6 ఆంపియర్ అవర్లు, మీ బ్యాటరీ దాదాపు మొత్తం. జగదాంబ కూడలి దగ్గర ఒక టిఫిన్ హోటల్లో నేను రెండుసార్లు వెళ్లి అన్నీ పరీక్షించినా తప్పు దొరకలేదు. మూడోసారి రాత్రి పదకొండుకు, హోటలు మూసే వేళకు వెళ్లి నిలబడ్డాను. కుర్రాడు కాక్ తిప్పి, బకెట్ తీసుకుని వెళ్లిపోయాడు. కీ అలాగే ఉంది. తప్పు అతనిది కాదు, ఎవరూ చెప్పలేదు. కీ మీద ఎర్ర రంగుతో ఒక గీత పెట్టించాం, ఆ బ్యాటరీ మళ్లీ నా దగ్గరకు రాలేదు.

ఇంకొక చిన్న లీకేజీ ఉంది, చాలామంది నమ్మరు. బ్యాటరీ పైభాగం మీద దుమ్ము, ఆమ్లపు తడి, మన గాలిలోని ఉప్పు కలిసి పల్చటి పొర కడుతుంది. ఆ పొర గుండానే పాజిటివ్ నుంచి నెగెటివ్‌కు కరెంటు పాకుతుంది. మీటరు నల్ల మొన నెగెటివ్ టెర్మినల్ మీద, ఎర్ర మొన బ్యాటరీ పైనున్న ప్లాస్టిక్ మీద ఆనించి చూడండి. ఉత్త ప్లాస్టిక్ మీద వోల్టులు కనిపిస్తే లీకవుతోందన్నమాటే. గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి, పాత టూత్ బ్రష్షుతో కడగండి. నురగ రావడం ఆగిందంటే ఆమ్లం విరిగిందని అర్థం. మూతలున్న రకమైతే ఆ నీళ్లు లోపలికి చుక్క కూడా పోకూడదు. తర్వాత మంచినీళ్లతో తుడిచి, పొడిగా ఆరనిచ్చి, టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ పూయండి. గ్రీజు పూస్తారు కొందరు, నేను పూయను. అది దుమ్మును పట్టుకుంటుంది.

లీకేజీ లేదని తేలితే ఛార్జింగు వస్తోందా చూడాలి. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ మీద వోల్టులు రాసుకోండి. స్టార్ట్ చేసి, పది నిమిషాలు నడవనిచ్చి మళ్లీ కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే హాయిగా ఉండండి. ఛార్జింగు తక్కువగా ఉండే చిన్న మిషన్లలో 13.3 వరకు వచ్చి, నిదానంగా పైకి పాకుతుంటే అదీ పర్వాలేదు. ఆపి ఉన్నప్పటి అంకే కదలకుండా ఉంటే ఛార్జింగు రావడం లేదు. ముందు డీసీ ఫ్యూజు చూడండి. ఎన్నోసార్లు అక్కడే తేలిపోతుంది. 15 దాటితే అది ఇంకా ప్రమాదం, బ్యాటరీలో నీళ్లు వాయువులుగా విడిపోయి తగ్గిపోతాయి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ‘ఇంజను ఆగలేదు, ఛార్జింగు బాగుంది’ అని తేల్చే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. మీ మిషను మీద అలా చేయనివ్వకండి. ఒక్క క్షణంలో వోల్టులు ఎగిరి రెక్టిఫైయర్ పోతుంది. జనరేటర్ వెనుక మూత కూడా మీరు విప్పవద్దు. అక్కడ 230 వోల్టులు ఉంటాయి. డయోడ్లు, కాయిల్ పరీక్ష తెలిసినవాళ్లతో చేయించుకోండి.

ఇక సముద్రం సంగతి. నేను ఆటోనగర్‌లో షాపు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. అంతకు ముందు ఐదేళ్లు ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల వైరింగు నేర్చుకున్నాను. లాసన్స్ బే, చిన వాల్తేరు, సాగర్ నగర్, రుషికొండ, భీమిలి నుంచి వచ్చే మిషన్లను నేను మూత తీయకముందే గుర్తుపడతాను. గాలిలో వచ్చే ఉప్పు సన్నగా ప్రతి దాని మీదా పడుతుంది. ఉప్పు తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది, ఎండలో కూడా పూర్తిగా ఆరనివ్వదు. బ్యాటరీ టెర్మినల్ సీసం, లగ్గు రాగి, బోల్టు ఇనుము, ఇంజను బ్లాకు అల్యూమినియం. నాలుగు లోహాలు ఒకదానికొకటి ఆనుకుని ఉప్పు తడిలో ఉంటే వాటిలో ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. ఎర్తు వైరు, అంటే బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజనుకు కలిపే వైరు, ఇంజనుకు బిగించిన చోట మొదట తినేది అల్యూమినియాన్ని. పైకి తెల్లటి పొడిలా కనిపిస్తుంది. ఆ పొడి గుండా మీటరు పంపే చిన్న కరెంటు వెళుతుంది, సెల్ఫ్ మోటారుకు కావలసిన 80 ఆంపియర్లు వెళ్లవు. ‘టక్’ అనే మీ శబ్దం ఇదీ కావచ్చు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట భీమిలి బీచ్ ఒడ్డున ఒక హోటలాయనకు నేను ఒకే ఏడాదిలో రెండు బ్యాటరీలు వేయించాను. ఛార్జింగు చూశాను, లీకేజీ చూశాను, రెండూ బాగున్నాయి. ఎర్తు వైరు చూడటానికి కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది. లగ్గు కూడా బిగుతుగా ఉంది. మూడోసారి వచ్చినప్పుడు అనుమానం వచ్చి, లగ్గు దగ్గర రబ్బరు తొడుగును బ్లేడుతో చీరాను. లోపల రాగి తీగలు ఎర్రగా మెరవాలి. పొయ్యిలో కాలిన పుల్లల్లా నల్లగా ఉన్నాయి, వేలితో నలిపితే ఆకుపచ్చ పొడి రాలింది. ఇంకా ముందుకు చీరాను. జానెడు దూరం దాకా అంతే. ఉప్పు తడి లగ్గు సందులోంచి తొడుగు లోపలికి పాకి తీగను లోలోపల తినేసింది. బ్యాటరీలు రెండూ నిక్షేపంగా ఉన్నవే. రెండో బ్యాటరీ డబ్బులు ఆయనకు తిరిగి ఇచ్చాను. అప్పటి నుంచి ఏ సముద్రపు ఒడ్డు మిషను వచ్చినా ముందు ఎర్తు పరీక్ష, తర్వాతే మిగతావి.

ఆ పరీక్ష ఇది. మీటరు డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద (వైరు లగ్గు మీద కాదు, టెర్మినల్ మీదే), రెండో మొన ఇంజను బ్లాకు మీద రంగు లేని చోట ఆనించండి. ఇంకొకరిని కీ తిప్పమనండి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు అంకె 0.2 లోపు ఉండాలి. అర వోల్టు దాటితే ఎర్తు బాగోలేదు. భీమిలి మిషనులో అది 1.8 చూపించింది. ఇదే పద్ధతిలో పాజిటివ్ టెర్మినల్ నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా కూడా చూడండి, మధ్యలో ఉండే రిలే (కీ తిప్పితే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) కూడా దీంట్లో తేలిపోతుంది. వైరు మార్చేటప్పుడు లగ్గును నొక్కి వదిలేయకుండా, టంకం వేయించి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగించండి. బ్లాకు మీద ఆ చోటును ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయించండి. రూపాయల్లో అయిపోయే పని, ఏళ్ల తరబడి నిలుస్తుంది.

అన్నీ చూశాక లోపం బ్యాటరీలోనే అని తేలితే, సరే, కొనండి. కానీ కొనే చోట ఒక విషయం పట్టుబట్టండి. ఆమ్లం విడిగా పోసి ఇచ్చే రకమైతే, పోసిన వెంటనే బిగించేసి ఇస్తారు. సెల్ఫ్ తిరుగుతుంది కాబట్టి అందరూ తృప్తిగా వెళ్లిపోతారు. ఆమ్లం పోసినంత మాత్రాన బ్యాటరీ నిండదు. దానికి మొదటి ఛార్జింగు కావాలి. అది దక్కని బ్యాటరీ పుట్టుకతోనే బలహీనం, తర్వాత ఎంత పెట్టినా ఆ లోటు తీరదు. ఒక రోజు ఆలస్యమైనా ఛార్జి చేసి ఇమ్మనండి. సీలు రకమైతే తయారీ తేదీ చూడండి. అల్మారాలో ఏడాదిగా ఉన్నది వద్దు. ఛార్జి లేకుండా ఉన్న బ్యాటరీ వాడకుండానే ముసలిదవుతుంది, వేడిలో ఇంకా త్వరగా. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దానంతట అది డౌన్ అయ్యే వేగం సుమారు రెట్టింపవుతుంది. మీ బ్యాటరీ సైలెన్సర్ పక్కన ఉందేమో కూడా చూడండి.

ఛార్జింగు పెట్టించే చోట కూడా జాగ్రత్త. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.7 ఆంపియరు, అంటే పదో వంతు చాలు, పది పన్నెండు గంటలు పెట్టాలి. కారు బ్యాటరీల వరుసలో కలిపి ఐదారు ఆంపియర్లతో రెండు గంటల్లో ‘నింపి’ ఇస్తే ప్లేట్లు వంకర పోతాయి. మీ రెండో బ్యాటరీని ఇలాగే ఎన్నిసార్లు నింపారో నాకు తెలియదు, అడిగి తెలుసుకోండి. మూతలున్న రకమైతే తగ్గిన మేర డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు, సీసాలో కొనుక్కునే తాగునీళ్లూ వద్దు, ఆమ్లం అసలే వద్దు.

మీ షాపులో ఎలాగూ కరెంటు ఎక్కువ సమయం ఉంటుంది కాబట్టి, చిన్న ఆటోమేటిక్ ఛార్జరు ఒకటి కొని ఎప్పుడూ తగిలించి ఉంచుకోవడం మేలు. బ్యాటరీ నిండాక తనంతట తాను 13.5 వోల్టుల దగ్గరకు దిగి, అక్కడే నిలకడగా ఉంచే రకం తీసుకోండి. ఆపివేసే ఏర్పాటు లేని పాత తరహా ఛార్జర్లు వద్దు, అవి ఉడకబెట్టేస్తాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తర్వాత ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. నా షాపు రేకులు లేచిపోయాయి. అయినా రెండో రోజు నుంచే మనుషులు బ్యాటరీలు చంకన పెట్టుకుని వచ్చేవారు, అన్నీ ఏడాదిగా ముట్టుకోని జనరేటర్లవి. ఛార్జి చేసి ఇద్దామంటే నా దగ్గరా కరెంటు లేదు. ఎంవీపీ కాలనీలో ఒక అపార్టుమెంటు వాచ్‌మన్‌కు తాడు లాగడం నేర్పడానికి, పడిపోయిన చెట్ల మీదుగా దాటుకుంటూ నడిచి వెళ్లాను. పైన మూడో అంతస్తులో ఒక పెద్దావిడకు ఆక్సిజన్ మిషను నడవాలి. అందుకే మీరు ఫ్రిజ్, ఇన్సులిన్ అని రాయగానే ఇంత పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

ఇప్పుడు మీరు చేయవలసినది: ఛార్జి చేసి పన్నెండు గంటలు ఉంచాక వోల్టులు, మూడు రాత్రుల తర్వాత వోల్టులు, కీ ఆఫ్‌లో కారే మిల్లీ ఆంపియర్లు, పది నిమిషాలు నడిచాక వోల్టులు, సెల్ఫ్ తిరిగేటప్పుడు ఎర్తు మీద వోల్టులు. ఈ ఐదు అంకెలు ఇక్కడే రాయండి. బ్యాటరీ మూతలున్నదా, సీలు రకమా, జనరేటర్‌ను ఎలా ఆపుతున్నారు అన్నవి కూడా రాయండి. రోజూ రాత్రి ఎనిమిదికి షాపు మూసి ఇంటికి వచ్చాక చూస్తాను. ఎర్తు పరీక్ష ముందు చేయండి, దానికి మూడు రోజులు ఆగనవసరం లేదు.